సీలు విప్పాలా, అలాగే ఉంచాలా? పాత రేజర్ల సేకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత షేవింగ్ రేజర్లు సేకరించేవారిని ఒకే సందేహం మళ్లీ మళ్లీ పట్టుకుంటుంది. ఫ్యాక్టరీ సీలుతో దొరికిన పెట్టెను విప్పొచ్చా? విప్పితే విలువ పోతుందా? విప్పకపోతే లోపల పాడవుతుందా? మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. సీలు ఒక సాక్ష్యం, అంతే. ఈ పెట్టెను ఇంతవరకు ఎవరూ ముట్టలేదని అది చెబుతుంది. లోపలి లోహాన్ని కాపాడే శక్తి దానికి లేదు. కాబట్టి విప్పాలా వద్దా అన్నది సీలును చూసి కాదు, లోపలి వస్తువు దేనితో చేసిందో చూసి తేల్చుకోవాలి. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా ప్రతి జవాబూ విడిగా రాశాం.

## కొనే ముందు

"సీల్డ్" అన్నా "న్యూ ఓల్డ్ స్టాక్" అన్నా ఒకటేనా?

కాదు. న్యూ ఓల్డ్ స్టాక్ అంటే అమ్ముడుపోకుండా, వాడకుండా మిగిలిపోయిన పాత సరుకు. దాని పెట్టె ఎన్నోసార్లు తెరిచి మూసి ఉండొచ్చు. సీల్డ్ అంటే ఫ్యాక్టరీలో చుట్టిన పొర, పట్టీ లేదా స్టిక్కరు ఇప్పటికీ తెగకుండా ఉన్నది. అమ్మేవారు ఈ రెండు మాటల్నీ కలిపేస్తుంటారు. "సీలు ఎక్కడ ఉంది? సెల్లోఫేన్ పొరా, కాగితపు పట్టీయా, అంటించిన మూతా?" అని అడిగి, ఆ చోటు దగ్గరి ఫొటో తెప్పించుకోండి. వాడని రేజర్ అన్న మాటకు కూడా ఆధారం కావాలి. తల అంచుల్లో, బ్లేడు ఆనుకునే చోట, తల అంచున దువ్వెన పళ్లలా ఉండే దంతాల మధ్య సబ్బు మడ్డి ఆనవాళ్లు లేకపోతేనే అది వాడనిది.

సీలు అసలుదో, తర్వాత ఎవరో వేసిందో ఎలా పట్టుకోవాలి?

ముందు పొర ఏ పదార్థమో చూడండి. సెల్లోఫేన్ అంటే చెక్క గుజ్జులోని సెల్యులోజ్‌తో చేసిన పొర. పాతబడితే పసుపు తిరుగుతుంది, పెళుసుబారుతుంది, ముట్టుకుంటే గరగరమంటుంది, మూలల దగ్గర బిగుసుకుని సన్నగా చీలుతుంది. దాన్ని పెట్టె చివర్లలో కవరులా మడిచి, వేడితోనో జిగురుతోనో అంటించేవారు. ఆ మడతల గీతలు పదునుగా, ఒకే కొలతలో ఉంటాయి. ఇప్పటి ష్రింక్ ప్లాస్టిక్ అలా ఉండదు. దానికి మడతలు ఉండవు. పొడవునా కరిగించి అతికించిన సన్నని గీత ఉంటుంది, గాలి పోవడానికి చిన్న చిల్లులు ఉంటాయి, మూలల్లో చెవుల్లా ముడుచుకుంటుంది. 1930ల పెట్టెకు అలాంటి పొర ఉంటే అది తర్వాత వేసిందే.

రెండో పరీక్ష అతినీల లోహిత టార్చితో. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950 ప్రాంతం నుంచి వాడకంలోకి వచ్చాయి. 1920ల నాటిదని చెప్పే పెట్టె మీది లేబులు ఆ వెలుగులో నీలితెలుపుగా వెలిగిపోతుంటే నమ్మకండి. పాత కాగితం మసకగా, గోధుమరంగు ఛాయతో ఉంటుంది.

మూడోది టేపు. పారదర్శక సెల్లోఫేన్ టేపు మార్కెట్లోకి వచ్చింది 1930లో. అంతకు ముందటి పెట్టెను టేపుతో మూసి ఉంటే, తర్వాత ఎవరో మూశారన్నమాట. అది మోసమే కానక్కర్లేదు. దుకాణదారుడు ఊడిన మూతను అంటించి ఉండొచ్చు. కానీ దాన్ని ఫ్యాక్టరీ సీలు కింద లెక్కగట్టి డబ్బు పెట్టకూడదు.

చివరగా మురికి చూడండి. దశాబ్దాలు అల్మరాలో ఉన్న పెట్టెకు దుమ్ము పొర మీద ఉండాలి. పొర శుభ్రంగా ఉండి, దాని కింద అట్ట మీద చేతి మరకలు, అరిగిన మూలలు కనిపిస్తే పొర కొత్తది.

తెరవకుండానే లోపల రేజర్ ఉందో లేదో తెలుసుకునే దారి ఉందా?

కొంతవరకు ఉంది. 0.1 గ్రాము తేడా చూపే త్రాసు మీద తూచి, అదే మోడల్, అదే కాలం నాటి నిండు సెట్టు బరువుతో పోల్చండి. రేజర్ లేకపోతే తేడా పదుల గ్రాముల్లో ఉంటుంది కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. బ్లేడ్ల ప్యాకెట్ లేకపోతే తేడా కొద్ది గ్రాములే. ఆ మాత్రం తేడా అట్ట పీల్చుకున్న తేమవల్లా రావొచ్చు.

పెట్టెను నెమ్మదిగా వంచి వినండి. బిగుతుగా అమరిన రేజర్ కదలదు. లొడలొడమంటే గాడి విరిగి ఉండొచ్చు. అయస్కాంతం కొంతే పనికొస్తుంది. చాలా రేజర్ల ఒళ్లు ఇత్తడి కాబట్టి అంటుకోదు, ఉక్కు బ్లేడ్లు లాగుతాయి. మూత కీలు దగ్గర వాసన కూడా చూడండి. కర్పూరం, వెనిగర్ లేదా ముక్కుకు ఘాటుగా తగిలే వాసన వస్తే లోపలి ప్లాస్టిక్ కుళ్లుతోందని అర్థం.

సీలు చెక్కుచెదరలేదు కదా, లోపలిది కొత్తదానిలాగే ఉంటుందని అనుకోవచ్చా?

ఈ నమ్మకం వల్లే ఎక్కువ రేజర్లు పాడవుతున్నాయి. మామూలు సెల్లోఫేన్ నీటి ఆవిరిని ఆపదు. తేమను అడ్డుకునే రకాన్ని డ్యూపాంట్ 1927లో తయారుచేసింది. దానికి కూడా మడతల దగ్గర, అతుకుల దగ్గర సందులు ఉంటాయి. కాబట్టి గదిలోని తేమ కొంత ఆలస్యంగానైనా పెట్టెలోకి చేరుతుంది. అట్ట, మఖ్మల్, తోలు ఆ తేమను పీల్చుకుని పట్టి ఉంచుతాయి. బయట పొడి వాతావరణం వచ్చినా లోపలి చెమ్మ వెంటనే పోదు.

అసలు శత్రువు చాలాసార్లు పెట్టెలోనే ఉంటుంది. తోలులోని టానిన్లు, చవక అట్టలోని ఆమ్లం, ఓక్ చెక్క ఆవిరి ఇత్తడి మీద చిలుము పట్టిస్తాయి. రబ్బరు బ్యాండులోని గంధకం వెండి పూతను నల్లబరుస్తుంది. స్పాంజి మెత్తలు కొన్ని దశాబ్దాలకు జిగటగా కరిగి, ఆనుకున్న చోట మచ్చ వేస్తాయి. పీవీసీ ప్లాస్టిక్ మెత్తదనం ఇచ్చే నూనెను వదిలేస్తుంది, కుళ్లితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి కూడా వదులుతుంది. సీలు ఈ ఆవిర్లన్నిటినీ రేజర్ పక్కనే బంధించి ఉంచుతుంది. అదే మోడల్ రెండు రేజర్లలో సీలు వేసిన దానికన్నా గాలి తగిలే డబ్బాలో ఉన్నదే శుభ్రంగా బయటపడడం వింతేమీ కాదు.

## నిర్ణయించుకునేటప్పుడు

ఒక్క మాటలో చెప్పండి, విప్పాలా వద్దా?

లోపల సెల్యులాయిడ్, మెత్తని రబ్బరు, స్పాంజి, పీవీసీ వీటిలో ఏదైనా లోహానికి ఆనుకుని ఉంటే విప్పండి. చెడు వాసన, పొర మీద లోపలి వైపు చెమ్మ, అట్టకు ఆకుపచ్చ లేదా తుప్పు రంగు మచ్చ కనిపిస్తే అదే రోజు విప్పండి. లోపలిది లోహం, కాగితం, బేకలైటు (గట్టి పాత ప్లాస్టిక్) మాత్రమే అయి, పెట్టె పొడిగా, వాసన లేకుండా ఉంటే విప్పాల్సిన తొందర లేదు. అలాంటి పెట్టె అరుదైన మోడల్ కూడా అయితే ఉంచేయండి. ఎందుకంటే విప్పడం ఎప్పుడైనా చేయొచ్చు, విప్పినదాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

సెల్యులాయిడ్ పిడి ఉన్న స్ట్రెయిట్ రేజర్ (పిడిలోకి మడిచే మంగలి కత్తి) అంటే అందరూ ఎందుకు భయపడతారు?

సెల్యులాయిడ్ అంటే సెల్యులోజ్ నైట్రేట్‌కు కర్పూరం కలిపి చేసిన తొలితరం ప్లాస్టిక్. దంతంలా, తాబేలు డిప్పలా కనిపించే పిడుల్లో ఎక్కువ భాగం అదే. అది పాతబడితే నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. గాలిలోని తేమతో కలిసి ఆ ఆవిరి నైట్రిక్ ఆమ్లం అవుతుంది. మడిచిన కత్తి అలుగు సరిగ్గా రెండు పిడి రేకుల మధ్యే ఉంటుంది కాబట్టి ఆ ఆమ్లం దాడి చేసేది దాని మీదే. పిడి కప్పిన మేర ఉక్కు నల్లని గుంటలు పడి, బయటికి ఉన్న తోక భాగం తళతళలాడుతూ ఉంటే కారణం ఇదే. దీన్ని సేకర్తలు సెల్ రాట్ అంటారు.

దీనికి మందు లేదు. మొదలైన కుళ్లు ఆగదు, పైగా తాను వదిలిన ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా నడిపిస్తుంది. గాలి ఆడని సీలు పెట్టె దానికి అనువైన చోటు. విప్పి, కత్తిని తెరిచి పెట్టి, గాలి ఆడే చోట ఉంచితే కుళ్లు నెమ్మదిస్తుంది. పిడి మీద అల్లిక పగుళ్లు, పసుపు మసక, చెమట పట్టినట్టు తడి కనిపిస్తే ఆ పిడిని తీసేసి విడిగా ఉంచాలి. పక్కన ఉన్న ఇతర రేజర్లను కూడా ఆ ఆవిరి పాడుచేస్తుంది. సెల్యులాయిడ్ చాలా తేలిగ్గా అంటుకుంటుందని గుర్తుంచుకోండి. దీపానికి, హీటరుకు, ఎండకు దూరంగా ఉంచండి. కాల్చి పరీక్షించే పద్ధతి ఎవరు చెప్పినా చేయకండి.

విప్పితే విలువ సగం పోతుందంటారు, నిజమేనా?

సగం అని లెక్కేమీ లేదు. సీలుకు అదనంగా చెల్లించేవారు సీల్డ్ పెట్టెలే కొనే సేకర్తలు. మిగతావారు రేజర్ స్థితికి, సెట్టు నిండుతనానికి చెల్లిస్తారు. లక్షల్లో తయారైన మోడల్ అయితే సీలు వల్ల వచ్చే అదనం తక్కువ, కాబట్టి పోయేదీ తక్కువే. అరుదైన పూత, తక్కువ కాలం తయారైన రకం అయితే అదనం ఎక్కువ. విప్పడం వల్ల కొన్నిసార్లు విలువ పెరుగుతుంది కూడా. లోపల బంగారు పూత చెదరలేదని, వాడుక పత్రం, బ్లేడ్లు అన్నీ ఉన్నాయని ఫొటోలతో చూపగలిగితే, ఏముందో తెలియని మూసిన పెట్టె కన్నా దాన్ని నమ్మకంగా కొంటారు. అన్నిటికన్నా నష్టం మధ్యరకంగా విప్పడం. పొర చిరిగి, మూల నలిగి, ముక్కలు పోయిన పెట్టెకు సీలు విలువా ఉండదు, నిండు సెట్టు విలువా ఉండదు.

ఏ ఏడాది తయారైందో తెలియాలంటే విప్పక తప్పదా?

చాలా మోడళ్లకు తప్పదు. గిల్లెట్ 1903లో అమ్మకాలు మొదలుపెట్టింది. తొలి దశాబ్దాల రేజర్ల మీద వరుస సంఖ్య చెక్కి ఉంటుంది. అది తల లోపలి పలక మీదో, పిడి గుబ్బ మీదో ఉంటుంది కాబట్టి పెట్టె బయటినుంచి చదవలేం. 1951 నుంచి అమెరికాలో చేసిన వాటికి ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం ఏడాదికి, అంకె ఆ ఏడాదిలోని మూడు నెలల భాగానికి గుర్తు. డబ్ల్యూ అంటే 1951, ఎక్స్ 1952, వై 1953, జడ్ 1954. తర్వాత మళ్లీ ఏ నుంచి మొదలై 1955. అందువల్ల డీ4 అంటే 1958 చివరి మూడు నెలలు. ఫ్యాట్‌బాయ్ అని పిలిచే 195 అడ్జస్టబుల్ ఆ ఏడాదే మొదలై 1961 దాకా నడిచింది. ఈ గుర్తు తల కింది వైపు ఉంటుంది.

స్ట్రెయిట్ రేజర్ల సంగతి వేరు. అలుగు తోక మీద చెక్కిన పేరు, దేశం పేరు చూడాలి. 1890 నాటి అమెరికా సుంకం చట్టం తర్వాత ఆ దేశానికి ఎగుమతి చేసే సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరి అయింది. షెఫీల్డ్ కత్తి మీద ఊరి పేరు ఒక్కటే ఉండి "ఇంగ్లండ్" లేకపోతే అంతకు ముందుదయ్యే అవకాశం ఉంది. అయితే అమెరికాకు పంపని సరుకుకు ఈ నియమం వర్తించదు కాబట్టి ఇదొక్కటే రుజువుగా పనికిరాదు.

కాలం స్థూలంగా తెలిస్తే చాలనుకుంటే పెట్టె నమూనా, లేబులు మీది చిరునామా, పేటెంటు సంఖ్యలు సరిపోతాయి. వాటికోసం సీలు తెంచకండి.

ఒకే మోడల్ సీల్డ్ పెట్టెలు రెండు ఉన్నాయి, ఏం చేయను?

పొర ఎక్కువ దెబ్బతిన్న పెట్టెను విప్పండి, రెండోది ఉంచండి. రెండూ ఒకే చోట, ఒకే కాలం ఉన్నవైతే మొదటిదానిలో కనిపించినది రెండోదాని గురించీ చాలావరకు చెబుతుంది. మొదటిదానిలో చిలుము ఉంటే రెండోదాన్నీ విప్పడమే మేలు.

బ్లేడ్ల ప్యాకెట్లు కూడా విప్పి చూడాలా?

వద్దు. పాత కార్బన్ ఉక్కు బ్లేడును మైనపు కాగితంలో చుట్టేవారు. ఆ కాగితం తెరిచాక అంచు తుప్పు పట్టడానికి రోజులు చాలు. బ్లేడు విలువ ఇప్పుడు దాని చుట్టు కాగితంలోనే ఉంది. విప్పని బ్లేడ్ల ప్యాకెట్‌ను రేజర్ నుంచి వేరుచేసి, పాలిప్రొపిలీన్ సంచిలో పెట్టండి. దాని తుప్పు రేజర్‌కు అంటకుండా అదే మంచి జాగ్రత్త. పొట్లం మీద గోధుమ రంగు మరక బయటికి కనిపిస్తే లోపల తుప్పు ఖాయం.

పిడి అసలు ఏనుగు దంతంలా ఉంది, సరిహద్దు దాటించొచ్చా?

అనుమతి లేకుండా దాటించొద్దు. ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద 1989లో నిషేధించారు, సముద్రపు తాబేలు డిప్పకూ కఠిన నిబంధనలే ఉన్నాయి. పాతకాలపు వస్తువులకు మినహాయింపు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, పత్రాలు చూపాలి. దంతంలో కోసిన వైపు ఒకదాన్నొకటి ఖండించుకునే గీతలు కనిపిస్తాయి. సెల్యులాయిడ్ నకలులో గీతలు సమాంతరంగా, యంత్రం గీసినట్టు ఉంటాయి.

## విప్పే రోజు

విప్పే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

నైట్రైల్ చేతి తొడుగులు, పలుచని లోహపు రేకు, కొత్త అంచు ఉన్న స్కాల్పెల్, మెత్తని బ్రష్, ఆమ్లం లేని తెల్లని టిష్యూ కాగితం, పాలియెస్టర్ కవర్లు, త్రాసు, స్కేలు, కెమెరా. పెట్టె చల్లని చోటు నుంచి వచ్చి ఉంటే గదిలో 24 గంటలు అలాగే ఉంచండి. చల్లని లోహం మీదికి వెచ్చని గాలి వెళితే తేమ చుక్కలు కడుతుంది.

ముందు ఆరు వైపుల నుంచీ, తర్వాత సీలు అతుకుల దగ్గరనుంచీ ఫొటోలు తీయండి. స్కేలు పక్కనే ఉండాలి. బరువు రాసుకోండి. విప్పడం మొత్తం ఒకే వీడియోలో, కెమెరా ఆపకుండా తీయండి. తర్వాత ఎవరైనా "లోపలిది మార్చారు" అంటే ఆ వీడియో ఒక్కటే జవాబు.

సెల్లోఫేన్ ముక్కలవకుండా ఎలా తీయాలి?

పెట్టె అడుగు వైపు చివరి మడత నుంచి మొదలుపెట్టాలి. అంటించిన మడత కిందికి రేకును పడుకోబెట్టి నెమ్మదిగా తోయండి. చాలా పాత జిగుర్లు పొడిబారి ఉంటాయి కాబట్టి తేలిగ్గా ఊడతాయి. ఊడకపోతే లాగకండి. అడుగు అంచు పొడవునా మూడు వైపులా స్కాల్పెల్‌తో కోసి, పెట్టెను ఒర నుంచి కత్తి తీసినట్టు కిందికి జార్చండి. పొర గొట్టంలా నిలిచి ఉంటుంది, ముందు వైపు చెక్కుచెదరదు. అట్ట ఉబ్బి పొర బిగుసుకుపోతే జార్చడం కుదరదు. అప్పుడు వెనక అతుకు గీత వెంట పొడవునా కోయడమే మిగిలిన దారి.

పెళుసు పొరకు తేమ పట్టించి మెత్తబరిచే పద్ధతి కాగితపు వస్తువులకు వాడతారు. లోపల ఉక్కు, ఇత్తడి ఉన్నప్పుడు అది ప్రమాదం. హెయిర్ డ్రయర్ వేడి కూడా వద్దు, పొర ఇంకా ముడుచుకుని అట్టను నొక్కేస్తుంది.

అట్టకు అతికించిన ప్లాస్టిక్ బుడగ ప్యాక్ అయితే ఎక్కడ కోయాలి?

వెనక అట్ట మీద. బుడగ అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు లోపలగా మూడు వైపులా కోసి, నాలుగో వైపును తలుపులా మడవండి. రేజర్ ఆ తలుపులోంచి బయటికి వస్తుంది. ముందు వైపు బొమ్మ, బుడగ అలాగే ఉంటాయి. స్కాల్పెల్ లోతుగా దిగకుండా అట్ట మందాన్ని ముందు అంచు దగ్గర చూసుకోండి. అట్ట వెనక వాడుక సూచనలు అచ్చై ఉంటే కోత గీతను అక్షరాల మధ్య నుంచి పోనివ్వండి.

కాగితపు పట్టీ సీలుకు ఆవిరి పట్టొచ్చా?

పట్టొద్దు. పాత సిరాలు పాకుతాయి, ఆవిరి పెట్టెలోకి కూడా వెళుతుంది. మూత కలిసే గీత వెంట పట్టీని స్కాల్పెల్‌తో సూటిగా కోయండి. రెండు సగాలూ పెట్టెకే అంటి ఉంటాయి. ఊడదీసి చింపుకున్న పట్టీ కన్నా సూటిగా కోసిన పట్టీయే మేలు.

## విప్పాక

గుబ్బ తిరగడం లేదు, తలుపులు తెరుచుకోవడం లేదు. గట్టిగా తిప్పనా?

తిప్పకండి. పిడి అడుగున గుబ్బ తిప్పితే తల మీది రెండు తలుపులు విచ్చుకునే రకం గిల్లెట్‌లో 1934 అరిస్టోక్రాట్‌తో మొదలైంది, 1947 నుంచి సూపర్ స్పీడ్ వచ్చింది. వాడని రేజర్‌లో ఫ్యాక్టరీ వేసిన గ్రీజు దశాబ్దాలకు వార్నిష్‌లా గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి 15-20 నిమిషాలు నాననివ్వండి. వేళ్లతోనే చిన్నగా ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. కదలకపోతే మళ్లీ నానబెట్టండి. పట్టకారు పెడితే గుబ్బ మీది గాట్లు చదునవుతాయి, లోపలి కడ్డీ మెలితిరుగుతుంది. కదిలాక పూర్తిగా ఆరబెట్టి, గుబ్బ దగ్గర, తలుపుల ఇరుసుల దగ్గర ఒక్కో చుక్క మినరల్ ఆయిల్ వేయండి.

మూడు ముక్కల పాత రేజర్ అయితే పిడి గొట్టం పొడవునా వెంట్రుకంత పగులు ఉందేమో ముందు చూడండి. బోలు ఇత్తడి పిడులు లోపలి ఒత్తిడితో వాడకుండానే పగులుతాయి. పగులున్న పిడిని బిగిస్తే విచ్చుకుంటుంది.

చిలుము, తుప్పు కనిపించాయి. దేనితో శుభ్రం చేయాలి?

పూత ఏదో తెలుసుకున్నాకే చేయి పెట్టండి. నికెల్ పూతకు గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని టూత్‌బ్రష్ సరిపోతాయి. ఆకుపచ్చ చిలుమును చెక్క పుల్లతో గీకి, మినరల్ ఆయిల్ గుడ్డతో తుడవండి. చిలుము కింద పూత అప్పటికే పోయి ఇత్తడి కనిపిస్తుంది. అది తిరిగిరాదు. బంగారు పూత చాలా పలుచన, దాని మీద లక్క లాంటి పారదర్శక పూత కూడా ఉండేది. పాలిష్ ముద్ద ఒక్కసారి రుద్దినా పోతుంది. వేడినీళ్లు తగిలితే ఆ పూత మసకబారుతుంది.

వెనిగర్, నిమ్మరసం ఇత్తడిలోని జింకును తినేసి గులాబీ రంగు మచ్చ మిగులుస్తాయి. అమ్మోనియా కలిసిన ద్రవాలు ఇత్తడిని పగిలేలా చేస్తాయి. అల్ట్రాసానిక్ తొట్టి అడ్జస్టబుల్ రేజర్ల అంకెల్లోని రంగును ఊడ్చేస్తుంది. స్పిరిట్‌తో తుడవడం లోహానికి పరవాలేదు. సెల్యులాయిడ్, లక్క, రంగు ఉన్నచోట మాత్రం వద్దు.

ఉక్కు అలుగు మీద పైపై తుప్పుకు నూనె, సన్నని స్టీల్ ఉన్ని చాలు. చెక్కిన అక్షరాలు, బంగారు రంగు బొమ్మల మీద ఉన్ని తగలనివ్వకండి. గుంటలు పడ్డ అంచును రుద్ది నునుపు చేయబోతే అలుగు వెడల్పు తగ్గుతుంది. సేకరణ వస్తువుకు గుంటలను అలాగే వదిలి, తుప్పు ఆపి, నూనె పట్టించడమే సరైన పని.

విప్పాను కదా, దాంతో ఒకసారి గీసుకోవచ్చా?

సాధారణ మోడల్ అయితే నిక్షేపంగా వాడుకోండి. ఈ రేజర్లు పనిముట్లుగా పుట్టినవే, చాలావాటికి ఇప్పటి రెండంచుల బ్లేడ్లు సరిగ్గా అమరుతాయి. పాత మూడు రంధ్రాల తలకు కూడా పడతాయి. ఇంజెక్టర్ రకానికి, జెమ్ ఒంటి అంచు రకానికి వేరే బ్లేడ్లు ఉన్నాయి, అవి ఇప్పటికీ తయారవుతున్నాయి. 1960ల గిల్లెట్ టెక్‌మాటిక్‌లో చుట్ట తిరిగే ఉక్కు పట్టీ ఉండే క్యాసెట్ కావాలి. అది ఇప్పుడు తయారు కాదు కాబట్టి గీసుకోవడానికని దాన్ని విప్పడం వృథా. పెట్టెలో వచ్చిన పాత బ్లేడుతో మాత్రం ఎన్నడూ గీసుకోవద్దు. కంటికి మెరుస్తున్నా అంచు తుప్పుతో గరుకుబారి ఉంటుంది. ఒకసారి నీళ్లు తగిలిన రేజర్‌ను "వాడనిది" అని అమ్మకూడదు.

తీసిన పొర, కాగితాలు ఏం చేయాలి? మళ్లీ సీలు వేయొచ్చా?

చిన్న ముక్క కూడా పారేయకండి. పాలియెస్టర్ కవరులో పెట్టి, తేదీ రాసి, పెట్టెతోపాటే ఉంచండి. సెల్లోఫేన్‌ను రేజర్ పక్కన కాకుండా విడి కవరులో పెట్టడం మంచిది. తేమ ఆపే రకం మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత ఉండేది. వాడుక పత్రాన్ని పాత మడతల్లోనే ఉంచండి, కొత్త మడత వేయకండి. మళ్లీ సీలు వేయడం మాత్రం వద్దు. మీరు నిజాయితీగా వేసినా, రెండు చేతులు మారాక అది ఫ్యాక్టరీ సీలుగా అమ్ముడవుతుంది. దుమ్ము పడకూడదనుకుంటే తెరిచి మూసే పాలిప్రొపిలీన్ డబ్బా వాడండి.

## సీలుతోనే ఉంచాలనుకుంటే

ఎక్కడ, ఎంత తేమలో దాచాలి?

సాపేక్ష ఆర్ద్రత 35 నుంచి 45 శాతం మధ్య ఉంచండి. తేమ పెరిగేకొద్దీ ఉక్కు తుప్పు పట్టే ప్రమాదం పెరుగుతుంది. 30 కన్నా దిగితే అట్ట, తోలు, సెల్లోఫేన్ పెళుసుబారతాయి. లోహానికి ఇంకా పొడిగా ఉంటే మేలే, కానీ పెట్టెలో లోహం ఒక్కటే లేదు కదా. ఉష్ణోగ్రత ఎంత ఉన్నదనే దానికన్నా అది పదే పదే మారకపోవడం ముఖ్యం. అటక, బాత్‌రూమ్, బయటి గోడకు ఆనిన అల్మరా పనికిరావు.

బిగుతు మూత ఉన్న 5 లీటర్ల పాలిప్రొపిలీన్ డబ్బాకు 100 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటరు పెట్టండి. ఆర్ద్రత కావలసినదానికన్నా దిగిపోతుంటే జెల్ సగం తీసేయండి. పూర్తిగా ఎండిన జెల్ మొదటి రోజుల్లో అతిగా పీల్చేస్తుంది. రంగు మారిన జెల్‌ను 110-120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. జెల్ సంచి పెట్టెకు తగలకూడదు. వెలుతురు తగలనివ్వకండి, లేబులు ఎరుపు రంగులు ముందుగా వెలిసిపోతాయి.

సెల్యులాయిడ్ ఉన్నదాన్ని ఈ మూసిన డబ్బాలో పెట్టకూడదు.

వాక్యూమ్ కవరులో పెడితే ఇంకా భద్రం కదా?

కాదు. వాక్యూమ్ పీడనం అట్ట పెట్టెను నలిపేస్తుంది, పెళుసు సెల్లోఫేన్‌ను మూలల దగ్గర చీలుస్తుంది. లోపలినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి దారి కూడా మూసుకుపోతుంది.

ఎన్నాళ్లకోసారి చూడాలి?

మూడు నెలలకోసారి చాలు, కానీ ప్రతిసారీ ఒకే కోణంలో, ఒకే వెలుతురులో ఫొటో తీయండి. నెమ్మదిగా వచ్చే మార్పును కన్ను పట్టుకోలేదు, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పొర చీలిక పొడవు పెరిగిందా, అట్ట మచ్చ పాకిందా, మూత దగ్గర వాసన మారిందా అన్నవి చూడండి. బరువు కూడా రాసుకోండి. ఒకేలా పెరుగుతూ పోతుంటే లోపల తేమ చేరుతోంది. మచ్చ పాకుతోందని తేలితే సీలు మీద ఆశ వదిలి విప్పేయండి, ఆలస్యం చేసిన ప్రతి నెలా పూతను తింటుంది.

## అమ్మేటప్పుడు, పంపేటప్పుడు

సీల్డ్ పెట్టె అమ్ముతుంటే వివరణలో ఏం రాయాలి?

కనిపించింది రాయండి, ఊహించింది రాయకండి. "సెల్లోఫేన్ పొర, ఎడమ చివర 2 సెంటీమీటర్ల చీలిక, లోపలిది చూడలేదు" అన్నది నిజాయితీ ఉన్న వాక్యం. "లోపల కొత్తదే" అన్నది మీకు తెలియని విషయానికి హామీ ఇవ్వడం. బరువు, అతినీల లోహిత వెలుతురులో తీసిన ఫొటో జతచేయండి. విప్పినదైతే "పరీక్ష కోసం విప్పాం, వీడియో ఉంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. పొర మీరు వేసింది అయితే అది కూడా అక్కడే చెప్పాలి.

పార్సిల్ ఎలా కట్టాలి?

పెట్టెను ఆమ్లం లేని టిష్యూలో వదులుగా చుట్టి, పాలిప్రొపిలీన్ సంచిలో, తర్వాత గట్టి లోపలి అట్టపెట్టెలో పెట్టండి. దానికీ బయటి పెట్టెకూ మధ్య అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్త ఉండాలి. న్యూస్‌పేపరు సిరా అంటుకుంటుంది, బబుల్ షీట్ నేరుగా తగిలితే పొర మీద గుండ్రటి గుర్తులు వేస్తుంది. టేపు ఎక్కడా అసలు పెట్టెకు తగలకూడదు. విప్పిన సెట్టు అయితే రేజర్‌ను దాని గాడిలో వదిలి పంపకండి. బయటికి తీసి, విడిగా చుట్టి, బ్లేడ్లను మరో గట్టి డబ్బాలో పెట్టి, కొనేవారికి ఏది ఎక్కడ అమరుతుందో చూపే ఫొటో ఒకటి పైన ఉంచండి.